పథకం, జీవో, బిల్లు, చట్టం: తేడా ఏంటి? వెలగపూడిలో బిల్లు చట్టంగా ఎలా మారుతుంది?

గన్నవరం నియోజకవర్గ లబ్ధిదారుల కోసం సులభ వివరణ

ఈ పీడీఎఫ్ ఎవరి కోసం?

పింఛను తీసుకునేవారు, బియ్యం కార్డు ఉన్నవారు, కౌలు రైతులు, డ్వాక్రా అక్కచెల్లెళ్లు, చదువుకునే పిల్లలున్న తల్లిదండ్రులు. ప్రభుత్వం నుంచి ఏ మేలు అందుకునేవారైనా ఇది ఒకసారి చదవండి. చదవడం రానివారికి ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

ఎందుకంటే మన దగ్గర తరచూ ఇలా జరుగుతుంటుంది.

"బాబాయ్, అసెంబ్లీలో బిల్లు పాసైందంట. టీవీలో చెప్పారు. రేపు సచివాలయానికెళ్లి పేరు రాయించుకుందాం పద."

వెళ్తారు. "మాకింకా ఏమీ రాలేదండి" అంటారు అక్కడ. ఒక రోజు కూలి పోయింది, ఆటో చార్జీలు పోయాయి. సచివాలయం వాళ్లు పని ఎగ్గొడుతున్నారని కోపం కూడా వస్తుంది. నిజానికి తప్పు ఎవరిదీ కాకపోవచ్చు. "బిల్లు పాసైంది" అనే మాటకీ, మన చేతికి మేలు అందడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. ఆ మెట్లేంటో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో, ఎవరిని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందుగా: జీవోకి, చట్టానికి తేడా

మనం అందుకునే మేళ్లన్నీ ఒకే దారిలో రావు.

1. జీవో ద్వారా వచ్చేవి. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. మంత్రివర్గం నిర్ణయిస్తుంది, శాఖ ఉత్తర్వు ఇస్తుంది. దానికి సభలో ఓటింగ్ అక్కర్లేదు. ఉదాహరణ: 2024లో వృద్ధుల, వితంతువుల పింఛను 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది. ఏప్రిల్ నుంచి లెక్కగట్టి, బకాయితో కలిపి జూలై 1న 7,000 ఇచ్చారు. ఇది ఉత్తర్వుతో జరిగిన పని. ఉత్తర్వుతో వచ్చినదాన్ని ఇంకో ఉత్తర్వుతో పెంచొచ్చు, తగ్గించొచ్చు, షరతులు మార్చొచ్చు.

2. చట్టం ద్వారా వచ్చేవి. ఉదాహరణ: రేషన్ బియ్యం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద అర్హత ఉన్న కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. ఆ బిల్లును లోక్‌సభ 2013 ఆగస్టు 26న, రాజ్యసభ సెప్టెంబరు 2న ఆమోదించాయి. సెప్టెంబరు 10న రాష్ట్రపతి సంతకం చేశారు. దీన్ని తీసేయాలంటే ఒక శాఖ కాగితం సరిపోదు. మళ్లీ పార్లమెంటులో రెండు సభలకూ వెళ్లాలి.

గుర్తుంచుకోండి: జీవో త్వరగా వస్తుంది, త్వరగా మారుతుంది. చట్టం నిదానంగా వస్తుంది, వచ్చాక గట్టిగా నిలబడుతుంది. మీకు అందే మేలు వీటిలో దేని కింద వస్తుందో తెలుసుకోవడం మీకే మంచిది.

మన రాష్ట్రంలో రెండు సభలు

దేశంలో ఆరు రాష్ట్రాల్లోనే రెండు సభలున్నాయి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్. మన రెండు సభలూ కృష్ణా నది అవతల, వెలగపూడిలో కూర్చుంటాయి. 2017 మార్చి నుంచి సమావేశాలు అక్కడే.

శాసనసభ (అసెంబ్లీ): 175 మంది ఎమ్మెల్యేలు. గన్నవరం నుంచి ఒకరు. మనం నేరుగా ఓటేసి పంపేది వీళ్లనే. ఐదేళ్ల గడువు.

శాసన మండలి (కౌన్సిల్): 58 మంది ఎమ్మెల్సీలు. వీళ్లు ఇలా వస్తారు:
- 20 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు
- 20 మందిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. మీరు ఓటేసి గెలిపించిన ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ కౌన్సిలర్లకు ఇక్కడ ఓటుంటుంది
- 5 మందిని డిగ్రీ చదివినవారు ఎన్నుకుంటారు
- 5 మందిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు
- 8 మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు

ఒక్కో ఎమ్మెల్సీకి ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, కొత్తవారు వస్తారు. అందుకే అసెంబ్లీ రద్దయినా మండలి రద్దు కాదు.

మీ ఇంట్లో డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటినవారు ఉంటే, కృష్ణా–గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటుకి అర్హులు. మామూలు ఓటరు జాబితాలో పేరుంటే ఇక్కడ దానంతటదే రాదు. విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే ఓటు పోగొట్టుకుంటున్నారు.

మండలి మన దగ్గర 1958లో మొదలైంది. 1985లో రద్దయింది. 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరి 27న రద్దు చేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది. కానీ మండలిని తీసేసే అధికారం అసెంబ్లీకి ఒక్కదానికే లేదు, పార్లమెంటు చట్టం చేయాలి. అది జరగలేదు. 2021 నవంబరు 23న ఆ తీర్మానాన్ని అసెంబ్లీయే వెనక్కి తీసుకుంది.

బిల్లు నడిచే దారి: ఏడు మెట్లు

మెట్టు 1: ముసాయిదా, మంత్రివర్గం. సంబంధిత శాఖ బిల్లు రాస్తుంది. న్యాయశాఖ చూస్తుంది. మంత్రివర్గం సరేనంటుంది. "కేబినెట్ ఆమోదం" అని పేపర్లో వచ్చేది ఇదే. అప్పటికి బిల్లు ఇంకా సభ గుమ్మం కూడా ఎక్కలేదు.

మెట్టు 2: సభలో ప్రవేశపెట్టడం. మంత్రి సభ అనుమతి తీసుకుని బిల్లు పెడతారు. సభ్యులకు కాపీలు ఇస్తారు. మామూలు బిల్లును ఏ సభలోనైనా ముందు పెట్టొచ్చు. డబ్బు బిల్లును మాత్రం అసెంబ్లీలోనే పెట్టాలి. మంత్రి కాని సభ్యుడు కూడా సొంతంగా బిల్లు పెట్టొచ్చు.

మెట్టు 3: చర్చ, సవరణలు. ముందు బిల్లు మొత్తం మీద మాట్లాడతారు. తర్వాత ఒక్కో క్లాజు తీసుకుంటారు. "ఈ మాట మార్చండి, ఈ గడువు పెంచండి" అని సభ్యులు సవరణలు ఇవ్వొచ్చు. ఇంకా లోతుగా చూడాలనుకుంటే కొందరు సభ్యులతో సెలెక్ట్ కమిటీ వేస్తారు. లబ్ధిదారులకు పనికొచ్చే మార్పు ఏదైనా జరగాలంటే ఈ మెట్టు దగ్గరే జరగాలి. అర్హత ఎవరికి, సంతకం ఎవరిది, గడువు ఎంత అనేవి ఈ క్లాజుల్లోనే ఉంటాయి.

మెట్టు 4: ఓటింగ్. సభలో హాజరై ఓటేసినవారిలో ఎక్కువమంది "అవును" అంటే బిల్లు పాసైనట్టు. సభ నడవాలంటే కనీసం పదో వంతు మంది ఉండాలి. మన అసెంబ్లీకి అది 18 మంది.

మెట్టు 5: రెండో సభ. అసెంబ్లీలో పాసైన బిల్లు మండలికి వెళ్తుంది. అక్కడ మళ్లీ చర్చ, మళ్లీ ఓటు. మండలి ఒప్పుకుంటే ముందుకెళ్తుంది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో కింద విడిగా చెప్పాం.

మెట్టు 6: గవర్నర్. రెండు సభలూ దాటాక గవర్నర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన సంతకం చేయొచ్చు, ఆపొచ్చు, "మరోసారి ఆలోచించండి" అని వెనక్కి పంపొచ్చు, లేదా రాష్ట్రపతికి పంపొచ్చు. వెనక్కి పంపిన బిల్లును సభలు మళ్లీ పాస్ చేసి పంపితే, ఇక సంతకం ఆపకూడదని రాజ్యాంగం చెబుతోంది.

మెట్టు 7: గెజిట్, అమలు తేదీ, నియమాలు. సంతకం అయ్యాక రాజపత్రంలో, అంటే గెజిట్‌లో అచ్చవుతుంది. ఇప్పుడే బిల్లు "చట్టం" అవుతుంది. చాలా చట్టాల్లో "ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి అమలు" అని ఉంటుంది. ఆ తేదీ రావాలి. దరఖాస్తు ఫారం ఏది, ఎవరికివ్వాలి, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని చెప్పే నియమాలూ రావాలి. అవి వచ్చాకే సచివాలయంలో మీ పని మొదలవుతుంది.

మండలి "వద్దు" అంటే?

పార్లమెంటులో మామూలు బిల్లు మీద రెండు సభలకూ పొసగకపోతే, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి ఓటింగ్ పెట్టే వీలుంది. రాష్ట్రంలో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడ చివరి మాట అసెంబ్లీదే. మండలి ఆలస్యం చేయగలదు, ఆపేయలేదు.

లెక్క ఇలా ఉంటుంది:
- మొదటిసారి మండలి బిల్లును తిరస్కరిస్తే, లేదా అసెంబ్లీకి నచ్చని సవరణలు చేస్తే, లేదా మూడు నెలలు దాటినా పాస్ చేయకపోతే, అసెంబ్లీ ఆ బిల్లును మళ్లీ పాస్ చేసి పంపొచ్చు.
- రెండోసారి మండలి తిరస్కరించినా, ఒప్పుకోలేని సవరణలు చేసినా, ఒక నెల దాటినా, బిల్లు రెండు సభల్లోనూ పాసైనట్టే లెక్క.

ఇది మన కళ్ల ముందే జరిగింది. 2020 జనవరి 20న పాలనా వికేంద్రీకరణ బిల్లును, సీఆర్‌డీఏ రద్దు బిల్లును అసెంబ్లీ పాస్ చేసింది. జనవరి 22న వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు మండలి ఛైర్మన్ ప్రకటించారు. నెలలు గడిచాయి. జూన్ 16న అసెంబ్లీ రెండింటినీ మళ్లీ పాస్ చేసింది. రెండోసారి కూడా మండలి పాస్ చేయలేదు. నెల గడువు దాటింది. జూలై 31న గవర్నర్ సంతకం చేశారు. అంటే మండలి ఒప్పుకోకుండానే అవి చట్టాలయ్యాయి. కానీ జనవరిలో కావలసింది జూలై చివరి దాకా ఆగింది. ఆ మధ్యలో జనం మాట్లాడుకోవడానికి, కోర్టుకెళ్లడానికి సమయం దొరికింది. 2021 నవంబరులో ఆ చట్టాలను రద్దు చేసే బిల్లును ప్రభుత్వమే తెచ్చింది. ఎవరి వైపు న్యాయం ఉందన్నది ఈ పీడీఎఫ్ పని కాదు. గడువులు ఎలా నడుస్తాయో చూపించడానికే ఈ ఉదాహరణ.

డబ్బు బిల్లుకి దారి వేరు: 14 రోజులు

ఖజానా నుంచి రూపాయి తీయాలంటే సభ అనుమతి కావాలి. బడ్జెట్ చదివితే సరిపోదు. చివర్లో ద్రవ్య వినిమయ బిల్లు పాసవ్వాలి. జీతాలకైనా, పథకాలకైనా డబ్బు విడుదలయ్యేది దాని కిందే.

డబ్బు బిల్లుని మండలి తిరస్కరించలేదు, సవరించలేదు. సలహా మాత్రం ఇవ్వొచ్చు. అదీ 14 రోజుల్లోపు. దాటితే పాసైనట్టే.

మరి మండలి ఏమీ చేయకపోతే మనకు నష్టం ఉంటుందా? ఉంటుంది. 2020లో కరోనా వల్ల మార్చిలో బడ్జెట్ సమావేశాలు జరగలేదు. మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్స్ ఇచ్చారు. అది జూన్ 30తో అయిపోయింది. జూన్ నెల సమావేశాల్లో ద్రవ్య వినిమయ బిల్లు మండలికి వెళ్లింది. కానీ జూన్ 17న గొడవల మధ్య దాన్ని తీసుకోకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. ఇక 14 రోజులు ఆగాల్సి వచ్చింది. జూలై 1న పడాల్సిన ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. సభలో ఒక్క రాత్రి ఆగిన బిల్లు, వేల ఇళ్లలో నెల మొదటి వారం వంటింటి లెక్కని మార్చేసింది.

రాష్ట్రపతి దగ్గర ఆగితే: దిశ బిల్లు పాఠం

కొన్ని విషయాల మీద కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయొచ్చు. రాష్ట్రం చేసేది కేంద్ర చట్టానికి అడ్డొస్తుంటే, రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే అది మన రాష్ట్రంలో చెల్లుతుంది.

2019 డిసెంబరు 13న దిశ బిల్లు అసెంబ్లీలో పాసైంది. మహిళలపై నేరాల కేసుల్లో త్వరగా తీర్పు రావాలని పెట్టిన బిల్లు అది. "దిశ చట్టం వచ్చేసింది" అని ఊరూరా అనుకున్నాం. దిశ పోలీస్ స్టేషన్లు, ఫోన్ యాప్ కూడా వచ్చాయి. కానీ ఆ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. అంటే అది చట్టం కాలేదు. స్టేషన్లు, యాప్ ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచాయి. బిల్లులో రాసిన కొత్త గడువులు, శిక్షలు మాత్రం అమల్లోకి రాలేదు. పేరు చెలామణిలో ఉన్నంత మాత్రాన చట్టం ఉన్నట్టు కాదు.

మన డెల్టాకి దగ్గర ఉదాహరణ: కౌలు రైతు కార్డు

మన చుట్టుపక్కల సార్వాలో వరి, ఆ తర్వాత మినుము వేసే పొలాల్లో చాలావరకు కౌలుదార్లే చేస్తారు. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటి మాట. కాగితం ఉండదు. వర్షానికి పంట పడిపోతే నష్టపరిహారం పాసుపుస్తకం ఉన్నవారి పేరున వెళ్లేది.

దీనికోసం 2011లో ఒక చట్టం వచ్చింది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చారు. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని ప్రకారం:
- భూ యజమాని, సాగుదారు 11 నెలలకు రాత ఒప్పందం చేసుకోవాలి
- ఆ ఒప్పందం మీద సాగుదారు హక్కు కార్డు ఇస్తారు
- కార్డుతో పంట రుణం, పంట బీమా, నష్టపరిహారం అడగొచ్చు
- భూమి మీద సాగుదారుకు ఏ హక్కూ రాదు. యజమాని హక్కు చెక్కుచెదరదు

ఇక్కడే చిక్కు ఉంది. ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. "సంతకం పెడితే పొలం పోతుందేమో" అని భయపడి చాలామంది పెట్టరు. సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. చివరికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకోవాల్సి వస్తుంది.

సచివాలయంలో ఉద్యోగి మీద అరిస్తే ఈ చిక్కు తీరదు. ఆ సంతకం షరతు చట్టంలోనే ఉంది. దాన్ని ఆయన మార్చలేరు, కలెక్టరు గారూ మార్చలేరు. మారాలంటే సవరణ బిల్లు రావాలి. పైన చెప్పిన ఏడు మెట్లూ ఎక్కాలి. కాబట్టి ఆ మాట చెప్పాల్సింది మీ ఎమ్మెల్యేకి, మీ ఎమ్మెల్సీలకి. అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది: "భూమి హక్కు మారదు, 11 నెలలే" అన్న మాట చట్టంలోనే ఉందని యజమానికి కాగితం చూపించి చెప్పడం.

వార్త వినగానే ఇలా చూసుకోండి

- "కేబినెట్ ఆమోదించింది" అంటే నిర్ణయం జరిగింది. అది పథకమైతే జీవో కోసం చూడండి. చట్టమైతే ఇంకా ఆరు మెట్లున్నాయి.
- "సభలో ప్రవేశపెట్టారు" అంటే కాగితం బల్ల మీదికి వచ్చింది. సలహాలు చెప్పడానికి ఇదే సమయం.
- "అసెంబ్లీలో పాసైంది" అంటే ఒక సభ దాటింది. మండలి, గవర్నర్ మిగిలారు.
- "రెండు సభలూ ఆమోదించాయి" అంటే సంతకం మిగిలింది.
- "గెజిట్ వచ్చింది" అంటే చట్టమైంది. అమలు తేదీ ఉందో లేదో అడగండి.
- "నియమాలు వచ్చాయి, ఫారాలు వచ్చాయి" అంటే ఇప్పుడు సచివాలయానికి వెళ్లండి.

తరచూ అడిగే ప్రశ్నలు

ఆర్డినెన్స్ అంటే ఏంటండి?
సభలు జరగని రోజుల్లో తొందర పని పడితే గవర్నర్ ఇచ్చే తాత్కాలిక చట్టం. సభలు మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లోపు బిల్లుగా పాస్ చేసుకోకపోతే అది పోతుంది.

ఒకసారి వచ్చిన చట్టం ఎప్పటికీ ఉంటుందా?
ఉండకపోవచ్చు. దాన్ని తీసేయాలన్నా బిల్లే కావాలి. భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. 2024 జూలైలో దాని రద్దు బిల్లును అసెంబ్లీ పాస్ చేసింది.

ఎన్నికలొస్తే మధ్యలో ఉన్న బిల్లు ఏమవుతుంది?
అసెంబ్లీ రద్దయితే, అసెంబ్లీలో ఉన్న బిల్లులూ, అసెంబ్లీ పాస్ చేసి మండలిలో ఆగినవీ పోతాయి. కొత్త సభలో మళ్లీ మొదటి నుంచి రావాలి.

గవర్నర్ ఎన్ని రోజుల్లో సంతకం పెట్టాలి?
రాజ్యాంగంలో ఇన్ని రోజులు అని అంకె రాయలేదు. అందుకే "వచ్చే నెల కల్లా వస్తుంది" అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

మీరు ఏం చేయొచ్చు?

1. మేలు ఆగిపోతే మొదట ఒకటే ప్రశ్న అడగండి: "ఇది ఏ జీవో కింద, లేదా ఏ చట్టం కింద ఆగింది? నంబరు రాసివ్వండి." నోటి మాట కన్నా నంబరు విలువైంది.
2. జీవో, చట్టం మీ వైపే ఉండి పని మాత్రం జరగకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు.
3. చట్టమే మీకు అడ్డుగా ఉంటే ఎమ్మెల్యేకి, ఎమ్మెల్సీలకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ మాట మారాలో ఒక్క వాక్యంలో రాయండి. పది మంది కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.
4. "కొత్త చట్టం వచ్చింది, లింక్ నొక్కండి, ఓటీపీ చెప్పండి, 500 కట్టండి" అని వచ్చే మెసేజ్‌లు మోసం. బిల్లు పాసవడానికి లబ్ధిదారు ఓటీపీ ఎక్కడా అవసరం లేదు. మధ్యవర్తికి రూపాయి ఇవ్వకండి.

చివరి మాట

గన్నవరం నుంచి బెజవాడ మీదుగా వెలగపూడి వెళ్లడం పెద్ద దూరం కాదు. కానీ అక్కడ రాసిన ఒక్క వాక్యం మన పొలం గట్టు దాకా రావడానికి నెలలు పడుతుంది. ఆ వాక్యం ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో తెలిసినవారు ఊరికే తిరగరు, ఊరికే మోసపోరు. ఈ పీడీఎఫ్‌ని మీ డ్వాక్రా గ్రూపులో, రైతుల గ్రూపులో పంపండి. ఫోను లేని పెద్దవారికి చదివి వినిపించండి.